న్యూజెర్సీలో పిల్లలకి జాజ్ డ్యాన్స్: మా అమ్మాయి స్టూడియో, దాని రిసైటల్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేర్పే తీరుకి అయిదుకి అయిదు, ఆఫీసు నడిపే తీరుకి రెండున్నర. ఎడిసన్ చుట్టుపక్కల స్ట్రిప్ మాల్‌లో ఉన్న మామూలు డ్యాన్స్ స్టూడియో ఇది, పక్కన పిజ్జా కొట్టు, లోపల రెండు గదులు, సాయంత్రం ఆరైతే పార్కింగ్ దొరకదు. కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. మా అమ్మాయిని సెప్టెంబర్‌లో జాజ్ క్లాసులో చేర్చాం, జూన్‌లో రిసైటల్ (ఏడాది చివర పిల్లల స్టేజీ ప్రదర్శన) అయింది. అమ్మాయికి పదకొండేళ్ళు, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది, ఇప్పుడూ మానలేదు. "రెండూ ఒకేసారి నేర్పిస్తే రెండూ చెడిపోవా" అని తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డ్యాన్స్ స్టూడియోని నేను చూసేది ఒక్క విషయంలోనే. స్టేజీ మీద పిల్లలు పక్కవాళ్ళ కాళ్ళు చూడకుండా, స్టేజీ పక్క తెర చాటున నిలబడి చేతులూపే టీచర్ని చూడకుండా, లెక్క తమలోనే పెట్టుకుని ఆడగలుగుతున్నారా లేదా. మెరిసే డ్రెస్సులు, పొగ మిషన్లు, లాబీలో అమ్మే పూలబొకేలు అన్నిచోట్లా ఉంటాయి. ఇది మాత్రం అన్నిచోట్లా ఉండదు, దీనికి ఏడాది పొడుగునా ఎవరో ఓపిగ్గా పని చేయాలి.

క్లాసు గంటసేపు. అందులో మొదటి ఇరవై నిమిషాలు పాటకి సంబంధం లేని పని, ఐసొలేషన్స్ అంటారు. తల ఒక్కటే కదలాలి, భుజాలు కదలకూడదు. తర్వాత భుజాలు ఒక్కటే, తర్వాత పక్కటెముకలు కుడికి ఎడమకి, తర్వాత నడుము. చూడటానికి చాలా తేలికగా ఉంటుంది, ఇంట్లో అద్దం ముందు నిలబడి నడుము కదలకుండా పక్కటెముకలు మాత్రం పక్కకి జరిపి చూడండి తెలుస్తుంది. కూచిపూడి పిల్లలకి ఇక్కడే మొదటి చిక్కు, ఎందుకంటే ఇన్నేళ్ళూ ఒళ్ళంతా ఒక్కటిగా పట్టి నిలబెట్టడం నేర్చుకున్నారు, ఇప్పుడు విడివిడిగా వదలమంటున్నారు. రెండో చిక్కు పాదం. కూచిపూడి అడుగుల్లో పాదం మొత్తం నేలకి కొట్టి చప్పుడు రావాలి, జాజ్‌లో ముని వేళ్ళ దగ్గర నుంచి మడమ దాకా నెమ్మదిగా దిగాలి, గెంతి దిగినా చప్పుడు రాకూడదు. మా అమ్మాయి దిగినప్పుడల్లా దడ్ దడ్‌మని వినిపించేది, టీచర్ దాన్ని తప్పని అనలేదు, ఆ పాదంలో బలం ఉంది, ఆ బలంతోనే దిగడాన్ని అదుపు చేయొచ్చు అని చెప్పి అదే బలాన్ని వాడుకుంది.

కలిసొచ్చినవీ ఉన్నాయి. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలో, అలవాటైన కాళ్ళకి జాజ్‌లో మోకాళ్ళు వంచి కిందికి ఉండటం కష్టం కాదు, బాలే నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ ఇబ్బందిపడ్డారు, వాళ్ళకి ఎప్పుడూ పైకి పైకి లేవడమే అలవాటు. లెక్క కూడా అంతే. జాజ్ అంతా ఎనిమిది లెక్కల మీద నడుస్తుంది, ఆదితాళం వేసిన పిల్లకి ఎనిమిది కొత్త కాదు. కాకపోతే మనం తకధిమి అన్నప్పుడు బరువు పడే చోటు వేరు, ఇక్కడ బరువు చాలాసార్లు రెండు లెక్కల మధ్య ఉన్న ఖాళీలో పడుతుంది. కిక్ బాల్ చేంజ్ అనే చిన్న అడుగు చూడండి, ఒకటికి కాలు విసరాలి, ఒకటికీ రెండుకీ మధ్య ముని పాదం మీద బరువు పెట్టాలి, రెండుకి కాలు మార్చేయాలి. ఆ మధ్యలోది గట్టిగా పడితేనే అది జాజ్‌లా ఉంటుంది, లేకపోతే ఊరికే కాలు విసిరినట్టుంటుంది. కాబట్టి అడిగినవాళ్ళకి నా జవాబు, ఏదీ చెడిపోలేదు, తాళం మీద పట్టు ఇంకా పెరిగింది.

ఇంకో సంగతి కూడా ఈ టీచర్ వల్లే తెలిసింది. ఆవిడ వార్మప్‌లో అప్పుడప్పుడూ ఏ అడుగు ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకి చెబుతుంది. చార్ల్‌స్టన్, లిండీ హాప్ లాంటివి నల్లజాతి అమెరికన్లు ఆడిన డ్యాన్సులనీ, 1926లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ లాంటి చోట్ల ఇవి పెరిగాయనీ, మనం ఇప్పుడు స్టూడియోలో నేర్చుకునేది ఆ చెట్టు కొమ్మేననీ చెప్పింది. తర్వాత జాక్ కోల్ గురించి చెప్పింది. ఈయన 1911లో ఇక్కడే న్యూ బ్రన్స్‌విక్‌లో, అంటే మాకు పది నిమిషాల దూరంలో పుట్టాడు, స్టేజీ జాజ్‌కి తండ్రి అని పేరు. భరతనాట్యం నేర్చుకుని ఆ కదలికల్ని స్వింగ్ అనే జాజ్ పాటల మీద పెట్టి 1930ల్లో నైట్‌క్లబ్బుల్లో ఆడాడు, తర్వాత హాలీవుడ్‌లో మార్లిన్ మన్రో లాంటి వాళ్ళకి డ్యాన్సులు చేయించాడు. జాజ్‌లో మెడ, చేతులు, కళ్ళు విడివిడిగా చురుగ్గా కదలడం వెనక ఆ భరతనాట్యం ఉందని డ్యాన్స్ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఈ మాట విన్న రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి "అమ్మా, ఇందులో మనదీ ఉందట" అని రాత్రి అన్నం తింటున్నంతసేపూ అదే చెప్పింది. వారానికి గంట క్లాసులో ఇది చెప్పడానికి టైమ్ తీసే టీచర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది అక్కడే.

రొటీన్, అంటే రిసైటల్‌లో ఆడే డ్యాన్స్, నేర్పడం జనవరిలో మొదలైంది. పాత స్వింగ్ పాట ఒకటి, మూడు నిమిషాల లోపు వచ్చేలా కత్తిరించింది. పాట వెంటనే పెట్టదు. వారానికి రెండు మూడు ఎనిమిదులు (ఎనిమిది లెక్కల ముక్కలు) నేర్పుతుంది, పిల్లలే నోటితో లెక్కపెడుతూ చేయాలి, తర్వాత గొంతు తగ్గించి, తర్వాత పెదాలు కూడా కదపకుండా. ఆ తర్వాతే పాట. మా పక్కన కూర్చున్న ఒకావిడ "ఇంకా పాట పెట్టలేదేంటి, ఏప్రిల్ వచ్చేస్తోంది" అని తెగ టెన్షన్ పడేది. నాకు మాత్రం మా గురువుగారు సొల్లుకట్టు (తకధిమి లాంటి తాళం మాటలు) నోటికి రానిదే కాలు కదపనివ్వకపోవడం గుర్తొచ్చి ధైర్యంగానే అనిపించింది.

మార్చి తర్వాత ఎక్కువ టైమ్ పోయేది క్లీనింగ్‌కి. కొత్త అడుగులేం ఉండవు, ఉన్నవాటినే అందరివీ ఒకేలా చేయడం. ఒకరోజు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఒకే ఒక్క ఎనిమిది మీద దాదాపు క్లాసు సగం నడిచింది. అందులో ఉన్నది ఇంతే: వెనక్కి, పక్కకి, ముందుకి మూడు అడుగులు, కుడిచేయి భుజం ఎత్తులో పక్కకి, ఆఖర్న తల ఒక్కసారి ప్రేక్షకుల వైపు తిరగాలి. ఆవిడ ముందు అడుగులు తీసేసి చేయి మాత్రమే చేయించింది, ఒక పిల్ల చేయి చెవి ఎత్తుకి వెళ్తోంది, ఇంకో పిల్లది నడుము దగ్గరే ఆగుతోంది, మణికట్టు ఎక్కడ ఆగాలో పక్కన గోడ మీద ఉన్న బార్ చూపించి చెప్పింది. తర్వాత చేయి తీసేసి తల ఒక్కటే. తల ఏడుకి తిరగాలా ఎనిమిదికా అని అడిగితే సగం మంది ఏడన్నారు, సగం మంది ఎనిమిదన్నారు. ఆవిడ కోప్పడకుండా, "ఏడుకి ఊపిరి పీల్చండి, ఎనిమిదికి తిరగండి" అంది. ఆ తర్వాత చేసినప్పుడు పన్నెండు తలలూ ఒకేసారి తిరిగాయి, కిటికీ బయట కూర్చున్న మేమందరం ఒక్కసారి నిటారుగా కూర్చున్నాం. ఊపిరికి లెక్క ఇవ్వడం అనే ఆ చిన్న పని వల్ల ఎంత తేడా వచ్చిందో కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను, ఫీజులో నేను కట్టింది దానికే.

ఏప్రిల్ ఆఖరుకి అద్దాల మీద తెర వేసేసింది. అంతదాకా పిల్లలు ముందున్న అద్దంలో పక్కవాళ్ళని చూసి సర్దుకుంటూ ఉంటారు, స్టేజీ మీద అద్దం ఉండదు, చీకట్లో జనం ఉంటారు. తెర వేసిన మొదటి వారం ఘోరంగా ఉంది, వరసలు వంకర్లు పోయాయి, ఇద్దరు ఎదురెదురుగా గుద్దుకున్నారు, ఒక పిల్ల ఏడ్చింది. కొంతమంది తల్లిదండ్రులు ఇది మరీ ఎక్కువ అన్నారు, వాళ్ళతో నేను ఏకీభవించను. ఆ గందరగోళం స్టూడియోలో పడాల్సిందే, స్టేజీ మీద పడకూడదు. వెనక వరస పిల్లలు ముందు వరస పిల్లల మధ్య ఖాళీల్లో నిలబడాలి, వాళ్ళు దాన్ని విండో అంటారు, ఆ ఖాళీని కళ్ళు కదపకుండా ఓరగా చూసి పట్టుకోవడం నేర్పింది. నేల మీద మధ్య గీతకి అటూ ఇటూ పావు వంతుల్లో టేపు ముక్కలు వేసి ప్రతి పిల్లకీ తన చోటు చెప్పింది. ఇంకో మంచి పని, రొటీన్‌లో వరసలు మూడుసార్లు మారతాయి, వెనకున్నవాళ్ళు కచ్చితంగా ఒకసారి ముందుకొస్తారు. ఎప్పుడూ వెనకే ఉండిపోయే పిల్ల అంటూ లేదు.

ఒంటి విషయంలో కూడా జాగ్రత్త ఉంది. స్ప్లిట్స్ చేయించేటప్పుడు పైనుంచి భుజాలు నొక్కి కూర్చోబెట్టడం కొన్నిచోట్ల చూశాను, ఇక్కడ అది లేదు, ఎవరి కాళ్ళు ఎంత దూరం వెళ్తే అంతే, కింద యోగా బ్లాకులు పెట్టుకోనిస్తుంది. మోకాళ్ళ మీద జారే అడుగు ఉంటే మోకాలి ప్యాడ్లు లేనిదే చేయనివ్వదు. వార్మప్‌లో చేతులు గాలిని తోస్తున్నట్టు నెమ్మదిగా సాగదీసే వ్యాయామం ఒకటుంది, అది లూయీజీ అనే ఆయన పద్ధతి. ఆయన 1946లో కారు ప్రమాదంలో పడి పక్షవాతం వచ్చి, మళ్ళీ నడవడానికి తనకోసం తాను కూర్చుకున్న కదలికల్నే తర్వాత న్యూయార్క్‌లో ఎన్నో ఏళ్ళు నేర్పాడు. అందుకే అవి ఒంటిని లాగవు, పట్టుకుంటాయి.

ఇక డబ్బుల సంగతి. వారానికి ఒక క్లాసుకి నెలకి సుమారు 85 డాలర్లు, అది ఈ చుట్టుపక్కల మామూలే. దాని మీద కాస్ట్యూమ్‌కి 90, రిసైటల్ ఫీజు 75, టికెట్ ఒక్కోటి 25, వీడియోకి వేరే. అమ్మమ్మ తాతయ్య ఇండియా నుంచి వచ్చి ఉంటే నలుగురి టికెట్లకే వంద అవుతుంది. ఇవన్నీ సెప్టెంబర్‌లోనే ఒక కాగితం మీద రాసి ఇస్తే ఎవరికీ బాధ ఉండదు, కానీ ఆఫీసు నెలకొకటి చొప్పున ఈమెయిల్‌లో బయటపెడుతుంది. అడిగితే సమాధానం రావడానికి వారం. నా రెండున్నర మార్కులు ఇక్కడే పోయాయి.

కాస్ట్యూమ్ కొలతలు డిసెంబర్‌లో తీసుకున్నారు, డ్రెస్సు వచ్చింది మేలో. పదకొండేళ్ళ పిల్లలు ఆ అయిదు నెలల్లో ఊరుకుంటారా, సగం మందికి భుజాల దగ్గర పట్టేసింది. భుజం మీద నుంచి కాళ్ళ మధ్యగా వెనక్కి తిప్పి మళ్ళీ భుజం దాకా తీసే కొలత ఒకటుంటుంది, లియోటార్డ్ లాంటి ఒంటికి అతుక్కునే డ్రెస్సులకి అదే ముఖ్యం, అందులో కాస్త వదులు కలిపి రాయమని మీరే అడగండి. సర్దుబాటు మీరే చేయించుకోండి అన్నారు, మాకు జాకెట్లు కుట్టిపెట్టే ఆంటీ ఉన్నారు కాబట్టి ఒక సాయంత్రంలో అయిపోయింది, అందరికీ అలా ఉండరు కదా.

టైట్స్ గురించి రాయకుండా ఉండలేను. అందరూ ఒకే లేత రంగు టైట్స్ కొనమని మొదట ఈమెయిల్ వచ్చింది. క్లాసులో సగం మంది మన పిల్లలు, ఇద్దరు నల్లజాతి పిల్లలు. లేత రంగు టైట్స్ వేస్తే మా పిల్లల చేతులు ఒక రంగు, కాళ్ళు ఒక రంగు. మేం నలుగురం తల్లులం కలిసి వెళ్ళి టీచర్‌తోనే మాట్లాడాం. ఎవరి ఒంటి రంగుకి దగ్గరగా ఉన్న షేడ్ వాళ్ళు వేసుకోవడం డ్యాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ అనే బాలే కంపెనీ 1970ల్లోనే మొదలుపెట్టింది, బాలేలోనే చేయగలిగితే జాజ్‌లో ఎందుకు చేయలేం అన్నాం. ఆవిడ వెంటనే ఒప్పుకుంది, మర్నాడే కొత్త ఈమెయిల్ పంపింది, ఆఫీసు నుంచి కాదు, తన పేరుతో. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ముదురు షేడ్స్ అమ్ముతున్నాయి, కాకపోతే కొట్లో ఎప్పుడూ ఉండవు, ముందే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. స్టేజీ లైట్లలో పిల్లల కాళ్ళ గీత నడుము నుంచి బూటు దాకా తెగకుండా కనిపించింది. ఇది నాకు చాలా పెద్ద విషయం.

బూట్లకి కపేజియో గానీ బ్లాక్ (Bloch) గానీ, ఈ రెండు కంపెనీలవీ తీసుకోవచ్చు. మేం కపేజియో నల్లటివి, లేసులు లేనివి, అడుగున తోలు రెండు ముక్కలుగా ఉండేవి కొన్నాం, పాదం వంపు బాగా కనిపిస్తుంది, ఏడాదంతా ఆగాయి. పిల్లలు పెరుగుతారు కదా అని ఒక సైజు పెద్దది కొనే అలవాటు మనకుంది, వీటికి మాత్రం వద్దు, తిరిగేటప్పుడు బూటు ఒకచోట పాదం ఒకచోట ఉంటుంది. వేలు ముడుచుకోకుండా, బూటు చేతికి తొడుగులా పట్టి ఉంటే సరైన సైజు.

రిసైటల్ ఒక హైస్కూల్ ఆడిటోరియంలో పెట్టారు. ముందు రోజు డ్రెస్ రిహార్సల్, చెప్పిన టైమ్‌కి గంటన్నర ఆలస్యంగా మొదలైంది, చిన్న పిల్లలు కారిడార్‌లో నేల మీదే నిద్రపోయారు, ఎవరికీ తినడానికి ఏమీ ఏర్పాటు లేదు. అంతకన్నా పెద్ద లోపం, స్టేజీ మీద మార్లీ పరచలేదు. స్టూడియోలో పిల్లలు ఏడాదంతా ఆడింది ఆ వినైల్ నేల మీద, అది పాదాన్ని కాస్త పట్టుకుంటుంది. ఇక్కడ నున్నటి చెక్క, మొదటి తిరుగుడులోనే ఇద్దరు జారారు, దెబ్బలేం తగల్లేదు. ఫీజు 75 డాలర్లు తీసుకున్నాక నేల పరచడానికి వెనకాడటం నాకు అస్సలు నచ్చలేదు, ఆ మాట ఆఫీసుకి రాసి పంపాను, చూస్తాం అన్నారు.

టీచర్ మాత్రం అక్కడికక్కడే చక్కదిద్దింది. ఒంటికాలి మీద తిరిగే రెండు చుట్ల పిరుయెట్‌ని ఒక చుట్టు చేసేసింది, మిగిలిన లెక్కల్లో మోకాలు వంచి గట్టిగా నిలబడమంది, పెద్ద గెంతుని కొంచెం చిన్నది చేసింది, స్టేజీ ఎక్కే ముందు తడిగుడ్డ మీద అందరి బూట్ల అడుగులూ తుడిపించింది. పిల్లలు ఒక్క రాత్రిలో మార్పు పట్టుకోగలిగారు, ఎందుకంటే వాళ్ళకి అడుగు పోయినా లెక్క పోదు.

అది షో రోజు ఇంకా బాగా తెలిసింది. లైట్లు ఆరాయి, పిల్లలు చీకట్లో వచ్చి టేపు ముక్కల మీద నిలబడ్డారు, లైటు వచ్చింది, పాట మొదలైంది కానీ సౌండ్ దాదాపు లేదు. నేను ఆరో వరసలో ఉన్నాను, నాకే డ్రమ్ము దెబ్బ లీలగా వినిపించింది, స్టేజీ మీద ఏం వినిపించి ఉంటుంది. పన్నెండు మందీ కదిలారు, ఒకేసారి. రెండు ఎనిమిదుల పాటు అలాగే, దాదాపు నిశ్శబ్దంలో, భుజాలు, పక్కటెముకలు, తల, ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. మూడో ఎనిమిదికి ఎవరో సౌండ్ పెంచారు, పాట వాళ్ళు ఉన్నచోటికే సరిగ్గా వచ్చి కలిసింది. హాలంతా చప్పట్లు. ఆ తల తిప్పే చోట నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, దాచుకోవాల్సింది ఏముంది. తర్వాత అడిగితే మా అమ్మాయి, "వినపడలేదమ్మా, లెక్కపెట్టుకున్నాం" అంది, అదేదో మామూలు విషయమైనట్టు. జడ విప్పి జెల్ కడగడానికి మాత్రం రెండుసార్లు షాంపూ పట్టింది, మన పిల్లల ఒత్తు జుట్టుకి హెయిర్‌నెట్ ఒకటి చాలదు, రెండు కొని పెట్టుకోండి.

వీడియో సంగతి ఇంకోటి. షో జరిగేటప్పుడు ఫోన్లలో తీయకూడదన్నారు, అది సరైన నియమమే, వెనకవాళ్ళకి అడ్డం రాదు. కానీ డబ్బు తీసుకుని ఇచ్చిన వీడియో ఆగస్టులో వచ్చింది, అందులో కెమెరా మనిషి ముందు వరస ముఖాలు దగ్గరగా పట్టుకుని కూర్చున్నాడు, వరసలు మారే చోట్లు సగం కనిపించవు. ఇన్ని నెలలు పన్నెండు మంది కలిసి కట్టిన దాన్ని మొత్తంగా వెనక నుంచి ఒక కెమెరా పెట్టి తీస్తే చాలు కదా. డ్రెస్ రిహార్సల్‌లో తీసుకోనిస్తారు, మీరు మధ్యలో కొంచెం ఎత్తుగా కూర్చుని ఫోన్ కదపకుండా స్టేజీ అంతా పట్టేలా తీసుకోండి, అదే మిగులుతుంది.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకి, వారానికి గంటే కాకుండా ఇంట్లో కూడా కాస్త ప్రాక్టీస్ చేసేవాళ్ళకి ఈ స్టూడియో బాగుంటుంది. మెడల్స్, పోటీలు కావాలంటే ఇది కాదు, వీళ్ళకి కాంపిటిషన్ టీమ్ లేదు. మరీ చిన్న పిల్లల క్లాసు వేరే టీచర్ చూస్తారు, దాని గురించి నేను చెప్పలేను. ట్రయల్ క్లాసు ఉచితం, వెళ్తే మొదటి ఇరవై నిమిషాలు తప్పకుండా చూడండి, కాస్ట్యూమ్, రిసైటల్, వీడియో ఖర్చులన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని, ఈసారి స్టేజీ మీద మార్లీ వేస్తున్నారా లేదా అడిగి, అప్పుడు చేర్చండి. మా అమ్మాయి పేరు మళ్ళీ రాయించాం, అదే టీచర్ దగ్గర, ఇంటర్మీడియట్ క్లాసులో.